పసుపులో దాగిన కొలువు

ఇచ్చిన అక్షరాల్లోంచి ఇంగ్లిష్‌ మాటలు వెతకడం ఆటేనా? నిజామాబాద్‌ కుర్రాళ్లకు అది ఉద్యోగ పరీక్షలో మార్కు కూడా.

పసుపును ఇంగ్లిష్‌లో ఏమంటారో నిజామాబాద్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. టర్మరిక్‌. 2025 సంక్రాంతి నాడు ఇక్కడ మొదలైన జాతీయ పసుపు బోర్డు పేరులోనూ ఆ మాటే ఉంది. దాని స్పెల్లింగ్‌ను ఓ చిత్తు కాగితం మీద రాయండి: టి, యు, ఆర్‌, ఎం, ఇ, ఆర్‌, ఐ, సి. మొత్తం ఎనిమిది. ఇప్పుడు ‘ఎం’ మీద వేలు పెట్టి మూసేయండి. మిగిలిన ఏడింటినీ అటూ ఇటూ జరిపితే ‘రిక్రూట్‌’ అవుతుంది. ఒక్క అక్షరం మిగలదు, ఒక్కటీ తక్కువ పడదు.

వేలు తీసేయండి. ‘ఎం’ వచ్చి చేరితే అందులో ‘మెరిట్‌’ ఉంది. మెరిట్‌లోని అయిదక్షరాలనే తిప్పి రాస్తే ‘టైమర్‌’. మళ్లీ తిప్పితే ‘రిమిట్‌’, అంటే డబ్బు పంపడం. దుబాయ్‌, మస్కట్‌ల నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు కట్టుకున్న ఊళ్లున్న జిల్లా కదా, ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు. ‘క్యూర్‌’ కూడా ఉంది, పసుపు గుణం తెలిసిన అమ్మమ్మలు ఆశ్చర్యపోరు. ‘క్రైమ్‌’ కూడా ఉంది, దానికి పసుపు బాధ్యత లేదు.

ఈ కథనంలో ఇంగ్లిష్‌ అక్షరాలన్నీ తెలుగులోనే పలుకుతాయి కాబట్టి చదువుతున్నంతసేపూ పెన్సిల్‌ చేతిలో ఉంచుకుంటే మంచిది. చెప్పినవాటిని అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

ఇదంతా వినోదం పేజీలో మూలన ఉండే పజిల్‌ సరుకే అయితే ఇంత చోటు అక్కర్లేదు. అయితే పసుపు యార్డు ఉన్న ఈ ఊళ్లోనే లైబ్రరీలలో, కోచింగ్‌ సెంటర్లలో పొద్దున్నుంచి చీకటిపడేదాకా కూర్చునే పిల్లలున్నారు. కానిస్టేబుల్‌, రైల్వే, స్టాఫ్‌ సెలెక్షన్‌ అంటూ ఒకదాని వెనుక ఒకటి రాస్తుంటారు. వాళ్లు మోసే రీజనింగ్‌ పుస్తకాల్లో ఈ ఆటకు ఓ అధ్యాయమే ఉంది. స్టాఫ్‌ సెలెక్షన్‌ కమిషన్‌ సిలబస్‌లో దాని పేరు ‘వర్డ్‌ బిల్డింగ్‌’. ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది. ఓ పొడుగాటి ఇంగ్లిష్‌ మాట ఇస్తారు, కింద నాలుగు చిన్న మాటలుంటాయి. పెద్ద మాటలోని అక్షరాలతో ఏది తయారు కాదో చెప్పాలి.

ఇక్కడే మన పిల్లలు ఒక్క క్షణం బెదురుతారు. “సార్‌, ఈ మాటకు అర్థమే తెల్వది, ఎట్ల పెట్టాలె?” అన్నది తెలుగు మీడియం నుంచి వచ్చిన ఎవరి నోటైనా వినిపించే ప్రశ్నే. సర్కారు బడులన్నిటిలో ఇంగ్లిష్‌ మీడియం 2022-23లో మొదలైంది. ఇప్పుడు కొలువుల పోటీలో ఉన్న తరానికి అది అందలేదు. ఇంగ్లిష్‌ మాట కనిపించగానే ఇది మనది కాదనుకుని దాటేసేవాళ్లు చాలామంది. దాటేయడం దండగని నా వాదన. ఆ ప్రశ్నలో ఇంగ్లిష్‌ పరీక్ష లేదు, లెక్క మాత్రమే ఉంది.

చూడండి. టర్మరిక్‌ ఇచ్చి కింద నాలుగు పెట్టారనుకుందాం: రిక్రూట్‌, మెట్రిక్‌, మీటర్‌, మెరిట్‌. అర్థాలు పక్కన పెట్టండి. ఒక అక్షరం రెండుసార్లు వచ్చిన మాటల్నే ముందు చూడండి. రిక్రూట్‌లో ‘ఆర్‌’ రెండుసార్లు ఉంది. పెద్ద మాటలోనూ రెండున్నాయి, సరిపోయింది. మీటర్‌కు అమెరికా స్పెల్లింగ్‌ రాసినా, బ్రిటన్‌ స్పెల్లింగ్‌ రాసినా ‘ఇ’ రెండుసార్లు కావాలి. టర్మరిక్‌లో ‘ఇ’ ఒక్కటే. జవాబు దొరికింది, మిగతా వాటిని ముట్టుకోనక్కర్లేదు. ఈ ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు రెండే ఎత్తులు ఉంటాయి. ఒకటి, అసలు లేని అక్షరాన్ని ఇరికించడం. అది తేలిగ్గా కంటపడుతుంది. రెండోది, ఉన్నదాన్నే ఇంకోసారి వాడేయడం. అక్షరం కనిపిస్తుంది కాబట్టి కన్ను ఒప్పేసుకుంటుంది. మనవాళ్లు దొరికిపోయేది ఎక్కువగా ఈ రెండో దానికే.

టైమ్‌ సంగతి వేరే చెప్పాలా? రాష్ట్ర కానిస్టేబుల్‌ ప్రిలిమ్స్‌లో 200 ప్రశ్నలకు మూడు గంటలు. రైల్వే ఎన్‌టీపీసీ తొలి దశలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు. రెండింటిలోనూ ప్రశ్నకు వచ్చేది 54 సెకన్లే. స్టాఫ్‌ సెలెక్షన్‌ సీజీఎల్‌ తొలి దశలో వందకు అరవై నిమిషాలు, అంటే 36 సెకన్లు. పైగా తప్పు రాస్తే అర మార్కు కోత. రెండుసార్లు వచ్చే అక్షరాన్ని పట్టే అలవాటున్నవాడికి ఈ ప్రశ్న పది సెకన్ల పని. మిగిలిన సెకన్లు రక్త సంబంధాల ప్రశ్నకో, దిక్కుల ప్రశ్నకో పనికొస్తాయి.

బోధన్‌ చేతిలో హ్యాండ్‌బుక్‌

సరిచూడటం వేరు, వెతకడం వేరు. నాలుగు మాటలిచ్చి ఏది కుదరదో చెప్పమంటే లెక్క చాలు. ఈ అక్షరాలన్నీ ఉన్న మాట ఏదో నువ్వే చెప్పు అంటే లెక్క ఒక్కటే సరిపోదు. మనసులో మాటల నిల్వ ఉండాలి, దాన్ని తవ్వే పద్ధతీ ఉండాలి.

జిల్లాలోని బోధన్‌ పేరునే తీసుకుందాం. బి, ఓ, డి, హెచ్‌, ఎ, ఎన్‌. ఆరూ వేర్వేరు అక్షరాలు. ఇవన్నీ ఉన్న ఇంగ్లిష్‌ మాట చెప్పండి, వేరే అక్షరాలు కలిసినా ఫర్వాలేదు. తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటిగా తలచుకుంటూ పోతే తెల్లారిపోతుంది. కాస్త గమనించండి: బి, హెచ్‌, డి మూడూ కలిసి ఒకే చిన్న ధాతువులో ఇమడటం అరుదు. అంటే రెండు చిన్న మాటలు అతికిన పెద్ద మాటను వెతకాలి. ‘హ్యాండ్‌’ అనేది నాలుగక్షరాలు ఒక్క దెబ్బకు తీసుకుపోతుంది. మిగిలినవి బి, ఓ. దానికి ‘బుక్‌’ అతికిస్తే హ్యాండ్‌బుక్‌. ముందు ‘బిఫోర్‌’ అతికిస్తే బిఫోర్‌హ్యాండ్‌, అంటే ముందుగానే. రెండూ పరీక్షలకు చదివేవాళ్ల మాటలే కావడం యాదృచ్ఛికం. ‘హెడ్‌’ వైపు నుంచి వెళ్తే బోన్‌హెడ్‌ దొరుకుతుంది. దానికి మట్టిబుర్ర అని అర్థం; బోధన్‌వాళ్లు కోప్పడొద్దు, అక్షరాలకు ఊరి మీద కక్షేమీ ఉండదు.

అదనపు అక్షరాలు వద్దు, ఉన్నవాటితోనే చేయాలంటే బోధన్‌ నుంచి హ్యాండ్‌, బాండ్‌, బ్యాండ్‌ వస్తాయి. ఓ అనుకోని మాట కూడా వస్తుంది: హోండా. మోటార్‌సైకిల్‌ కంపెనీ పేరే అనుకుంటాం గానీ, ఇంగ్లిష్‌ నిఘంటువుల్లో అది మామూలు నామవాచకం. పశువులకు విసిరే ఉచ్చుతాడు కొసన ఉండే వలయాన్ని అలా అంటారు.

నిజామాబాద్‌ పాత పేరు ఇందూరు. ఐ, ఎన్‌, డి, యు, ఆర్‌ అని అయిదక్షరాల్లో రాస్తారు. దానికి ‘జి’ కలిపితే ‘డ్యూరింగ్‌’. ‘ఇ’ కలిపితే ‘రూయిన్డ్‌’, అదే ‘ఇ’తో ‘ఇన్యూర్డ్‌’ కూడా. ఒకటి పాడైపోవడం, మరొకటి కష్టాలకు అలవాటు పడిపోవడం. బోధన్‌ వైపు చెరకు రైతుకు ఈ రెండూ కొత్త కాదు.

మంజీర మీద నిజాంసాగర్‌ 1931 నాటికి పూర్తయింది. ఆ నీళ్లు చెరకును తెస్తే, చెరకు 1937లో బోధన్‌కు నిజాం షుగర్‌ ఫ్యాక్టరీని తెచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్నారు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. శక్కర్‌నగర్‌ పేరులో శక్కర మిగిలింది, చెరకు పొలాల్లో చాలా మట్టుకు వరి వచ్చింది. ఇంగ్లిష్‌లో చెరకును షుగర్‌కేన్‌ అంటారు కదా, ఆ తొమ్మిది అక్షరాల్లో ఎకరాలున్నాయి, ‘కాజ్‌’ ఉంది, ‘ఆర్గ్యూ’ ఉంది, ‘యాంగర్‌’ ఉంది. ‘యు’ ఒక్కటి తీసేస్తే మిగిలిన ఎనిమిదీ కలిసి ‘కార్నేజెస్‌’ అవుతాయి. మారణకాండలు అని అర్థం. పజిల్‌ రాసేవాడికి అది పెద్ద దొరుకుడే. ఫ్యాక్టరీ కథకు తగిలించడం మాత్రం నాకిష్టం లేదు, అంత పెద్ద మాట అక్కర్లేదు.

వట్టి ‘షుగర్‌’ను తీసుకుంటే మనసు తేలికవుతుంది. ఎస్‌, యు, జి, ఎ, ఆర్‌. వీటినే తిప్పితే ‘గ్వార్స్‌’ అవుతుంది, అంటే గోకరకాయలు. ఇంకోలా తిప్పితే ‘గౌర్స్‌’, అడవిదున్నలు. చక్కెర, గోకరకాయ, అడవిదున్న ఇంగ్లిష్‌ నిఘంటువులో ఒకే అయిదక్షరాల మీద బతుకుతున్నాయి.

అవధానికి తెలిసిన ఆటే

ఈ విద్య మనకు పరాయిదేమీ కాదు. అవధాన సభకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, పదకొండోది ఇది, మూడోది అది అంటూ సభ నడుస్తుండగా మధ్యమధ్యలో అందిస్తాడు. మిగతా పృచ్ఛకులకు పద్యాలు చెబుతూనే అవధాని వాటిని మనసులో పేర్చుకుని చివర్లో వాక్యం మొత్తం అప్పజెబుతాడు. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండి తీరాలి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరం రాకూడదు.

2021 చివర్లో ప్రపంచాన్ని ఊపేసిన వర్డిల్‌ ఆట ఆడారా? జాష్‌ వార్డిల్‌ అనే ఇంజినీరు తయారుచేసింది. 2022 జనవరిలో న్యూయార్క్‌ టైమ్స్‌ కొనుక్కుంది. అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. పచ్చ గడి పడితే ఆ అక్షరం ఆ చోటే ఉండాలి; న్యస్తాక్షరి. బూడిద గడి పడితే ఆ అక్షరం వద్దు, నిషిద్ధాక్షరి. పసుపు గడి పడితే అక్షరం ఉంది గానీ చోటు అది కాదు. అవధాని ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా ఇదే పని చేస్తాడు. ఫోన్‌లో ఆడేవాడికి ఆ బాధ లేదు.

తేడా మాత్రం లిపిలో ఉంది. తెలుగు గళ్లనుడికట్టులో ఒక గడిలో ఒత్తూ గుణింతంతో సహా పూర్తి అక్షరం కూర్చుంటుంది. ‘పసుపు’లో ‘సు’ను విడదీసి ‘స’ ఇటు, ఉకారం అటు పంచలేం. అందుకే అక్షరాలు తారుమారు చేసే ఆటలో మనకు దొరికేవి తక్కువ. ఎటు చదివినా ఒకటే అయ్యే ‘వికటకవి’ లాంటివి మనకు ముద్దు. ఇంగ్లిష్‌లో అచ్చులూ హల్లులూ విడివిడిగా తిరుగుతాయి, స్పెల్లింగ్‌కూ పలుకుబడికీ పొంతన ఉండదు. రిక్రూట్‌లోని ‘యు’ ఓ రకంగా పలుకుతుంది, టర్మరిక్‌లోని ‘యు’ ఇంకో రకంగా. పలుకుతూ వెతికేవాడికి ఈ మాటలు కనిపించవు. చూస్తూ వెతకాలి.

సంచులు కట్టిన నిఘంటువు

కంప్యూటర్‌ ఈ పని ఎలా చేస్తుంది? టర్మరిక్‌లోని ఎనిమిది అక్షరాలను మార్చి మార్చి రాస్తే 20,160 వరసలు వస్తాయి. వాటిలో ఒక్కొక్కదాన్ని నిఘంటువులో వెతకడం మొరటు పద్ధతి. తెలివైన పద్ధతి జాన్‌ బెంట్లీ అనే కంప్యూటర్‌ శాస్త్రవేత్త 1986లో వచ్చిన ‘ప్రోగ్రామింగ్‌ పర్ల్స్‌’ పుస్తకంలో వివరించాడు. నిఘంటువులోని ప్రతి మాటకూ దాని అక్షరాలను ఎ నుంచి జడ్‌ దాకా వరసలో పేర్చి ఓ చీటీ తగిలించాలి. మెరిట్‌కు చీటీ: ఇ, ఐ, ఎం, ఆర్‌, టి. టైమర్‌కూ అదే. రిమిట్‌కూ అదే. బిషప్పులు పెట్టుకునే టోపీని ఇంగ్లిష్‌లో మైటర్‌ అంటారు, దానికీ అదే. ఇక ఒకే చీటీ ఉన్నవన్నీ ఒక కుప్పలో పడేయడమే. పసుపు యార్డులో కొమ్ము ఒక పక్క, మండ ఒక పక్క వేరుచేసి రాశి పోసినట్టే. కొనేవాడు ఒక్కో దుంపను తిరగేయడు, రాశి దగ్గరకు వెళ్తాడు.

చిన్న మాటలు కూడా కావాలంటే? టర్మరిక్‌లో ‘ఆర్‌’ రెండు, మిగతా ఆరూ ఒక్కొక్కటి. వీటిలోంచి ఎన్ని రకాలుగా కొన్ని అక్షరాలు ఏరుకోవచ్చో లెక్క కడితే 191 వస్తుంది. ఇరవై వేల వరసలు తిప్పనక్కర్లేదు, 191 చీటీలు అడిగితే చాలు. ఫోన్‌లో ఉండే ఏ వర్డ్‌ ఫైండర్‌ అయినా లోపల చేసేది ఇలాంటిదే. దాన్ని అది మాయలా చూపిస్తుంది, అంతే.

మనిషి మెదడు చీటీలు కట్టదు. అది ముక్కలు గుర్తుపడుతుంది. ఇంగ్లిష్‌ మాటలకు తరచుగా వచ్చే తలలూ తోకలూ ఉంటాయి: ముందు ఆర్‌-ఇ, యు-ఎన్‌, చివర ఇ-ఆర్‌, ఇ-డి, ఐ-ఎన్‌-జి. అక్షరాల గుట్టలో ఆర్‌-ఇ కనిపిస్తే పక్కన పెట్టి మిగిలినవాటిని చూడాలి. అక్షరాలను వరసగా కాకుండా గుండ్రంగా రాసుకోవడం పాత చిట్కా. వరసలో రాస్తే కన్ను అసలు మాటనే చదువుతూ పోతుంది. గుండ్రంగా ఉంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియక కొత్త చోట మొదలుపెడుతుంది. పిల్లల చేత ఇది చేయించండి, వ్యాకరణం పుస్తకం కంటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

అర్థం తెలియకుండానే గెలిచినవాడు

అర్థం అక్కర్లేదని పైన అన్నాను. నమ్మనివాళ్ల కోసం నైజల్‌ రిచర్డ్స్‌ ఉన్నాడు. న్యూజిలాండ్‌లో పుట్టి మలేసియాలో స్థిరపడిన ఈయన స్క్రాబుల్‌లో దిగ్గజం. 2015లో ఫ్రెంచ్‌ స్క్రాబుల్‌ ప్రపంచ పోటీలో గెలిచాడు. ఫ్రెంచ్‌లో మాట్లాడటం ఆయనకు రాదు. నిఘంటువులోని మాటలను అక్షరాల వరసలుగా గుర్తుపెట్టుకుని వెళ్లాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశాడు.

స్క్రాబుల్‌ పుట్టుక కూడా కొలువు లేని కథే. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన అమెరికా ఆర్కిటెక్ట్‌ ఆల్‌ఫ్రెడ్‌ బట్స్‌, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి, దాన్నిబట్టి బిళ్లలూ పాయింట్లూ నిర్ణయించాడు. ‘ఇ’ పన్నెండు బిళ్లలు, ఒక్కోదానికి ఒక పాయింటే. ‘జడ్‌’ ఒకే ఒక్కటి, పది పాయింట్లు. ‘స్క్రాబుల్‌’ అనే పేరు 1948లో వచ్చింది. ఇంగ్లిష్‌ స్క్రాబుల్‌ జాబితాలో ‘నిజాం’ చెల్లే మాట. ‘జడ్‌’ పుణ్యాన దాని విలువ 16. ‘షుగర్‌’ విలువ 6. బోధన్‌ ఫ్యాక్టరీ పేరులో ఎవరి వాటా ఎంతో స్క్రాబుల్‌ బోర్డు ఏనాడో తేల్చేసింది.

అమెరికాలోని మనవాళ్లది ఇంకో దారి. అక్కడి స్పెల్లింగ్‌ బీ 1925లో మొదలైంది. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్‌ మహంకాళి గెలిచారు. 2024లో గెలిచిన బృహత్‌ సోమ కుటుంబం మూలాలు నల్గొండలో ఉన్నాయి. ఆఖరి పోరులో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగ్‌ చెప్పాడు. దీని వెనుక ఏళ్ల సాధన, తల్లిదండ్రుల ఓపిక, చిట్టూరి రత్నం 1989లో స్థాపించిన నార్త్‌ సౌత్‌ ఫౌండేషన్‌ లాంటి సంస్థల పోటీలు ఉన్నాయి. ఆ పిల్లలు రిచర్డ్స్‌లా కాదు. మాట ఏ భాష నుంచి వచ్చిందో, ధాతువేమిటో అడిగి స్పెల్లింగ్‌ రాబడతారు. వెతకడానికి నిల్వ కావాలన్నానే, ఆ నిల్వ ఇది. ఇందూరు కుర్రాడికి ఆ స్థాయి అక్కర్లేదు. సరిచూడటం వస్తే పరీక్ష గట్టెక్కుతుంది. వెతకడం వస్తే ఇంగ్లిష్‌ పేపరు చూసి బెదరడం తగ్గుతుంది. మొదటిది వారంలో వస్తుంది. రెండోదానికి రోజూ ఇంగ్లిష్‌ పేపర్లో ఒక కాలమ్‌ చదవడం తప్ప దగ్గరి దారి లేదు.

ఈ ఆదివారానికి కాస్త పని. నిజామాబాద్‌ తొమ్మిదక్షరాల్లో ‘మైదాన్‌’ ఉంది, ఇంగ్లిష్‌ నిఘంటువులోకి ఎక్కిన మన మైదానమే. ‘బైజా’ ఉంది, ఒమన్‌ రియాల్‌లో వెయ్యో వంతు. మస్కట్‌ వెళ్లొచ్చినవాళ్ల జేబులో మోగిన చిల్లర. ‘డమియానా’ అనే మెక్సికో మొక్క ఏడక్షరాలతో ఉంది. మంజీరలోంచి (ఎం, ఎ, ఎన్‌, జె, ఐ, ఆర్‌, ఎ) ‘జె’ తీసేస్తే ‘మెరీనా’ వస్తుంది, అవే అక్షరాలతో ‘ఎయిర్‌మన్‌’ కూడా వస్తుంది. ఆర్మూర్‌లో అమెరికా స్పెల్లింగ్‌ ‘ఆర్మర్‌’ ఉంది, కవచం.

కామారెడ్డిని మీకు వదిలేస్తున్నా. 2016 అక్టోబర్‌ దాకా నిజామాబాద్‌ జిల్లాలో భాగమే కదా. కె, ఎ, ఎం, ఎ, ఆర్‌, ఇ, డి, డి, వై అని రాసి, మొదటి ‘కె’ కొట్టేయండి. మిగిలిన ఎనిమిది అక్షరాలూ కలిసి ఒక ఇంగ్లిష్‌ మాట అవుతాయి. రెండు చిన్న మాటల అతుకు. నిద్రపోనక్కర్లేదు, మధ్యాహ్నం క్లాసులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు.